రంగంలో చివరి మూడు రోజులు

పాఠం 14 : చదవడం, మాట్లాడడం, ఉత్తరం రాయడం

ఈ పాఠం పూర్తయ్యేసరికి మీరు:
• ప్రయాణం ముగిసే రోజుల గురించి చెప్పగలరు (వెళ్ళేముందు, వెళ్ళేలోపు, వెళ్ళేసరికి, వెళ్ళాక).
• వారాల పేర్లు, దిక్కుల పేర్లు కలిపి వాడగలరు.
• ఉత్తరాంధ్ర పెద్దవాళ్ళ మాట విని అర్థం చేసుకోగలరు.
• ఒకరు నోటితో చెప్పినదాన్ని ఉత్తరంగా రాయగలరు.

ఈ పాఠంలోని బృందం, మామ్మగారు, ఉత్తరాలు పాఠం కోసం ఊహించినవి. చోట్లు, తేదీలు, చరిత్ర నిజమైనవి.

1. ముందు ఒక మాట: రంగం

మీకు "రంగం" అనే మాట తెలిసే ఉంటుంది. యుద్ధరంగం, సినిమా రంగం అంటాం. హైదరాబాదు, సికింద్రాబాదు బోనాల్లో భవిష్యవాణి చెప్పే ఘట్టాన్ని కూడా రంగం అంటారు. తెలుగు కోస్తాలో ఈ మాటకి ఇంకో అర్థం ఉంది. రంగం అంటే రంగూన్. బర్మా దేశపు పెద్ద ఊరు. ఇప్పుడు ఆ ఊరి పేరు యాంగోన్, ఆ దేశం పేరు మయన్మార్.

"మా తాత రంగం వెళ్ళాడు" అని ఎవరైనా అంటే, ఓడెక్కి సముద్రం దాటి పనికి వెళ్ళాడని అర్థం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళల్లో ఈ వాక్యం వినబడేది. మీ ఇంట్లో కూడా విన్నారేమో గుర్తు చేసుకోండి.

2. కొత్త మాటలు

బృందం : కలిసి వెళ్ళే కొంతమంది మనుషులు
బస : ప్రయాణంలో ఉండే చోటు
రేవు : ఓడలు ఆగే చోటు
మేస్త్రీ : కూలీలను కుదిర్చి, వాళ్ళ చేత పని చేయించే మనిషి
బయానా : పనికి ముందే ఇచ్చే డబ్బు
మరిది : ఈ పాఠంలో, చెల్లెలి భర్త (భర్త తమ్ముణ్ణి కూడా మరిది అంటారు)
అప్ప : ఉత్తరాంధ్రలో అక్క
బేగి : ఉత్తరాంధ్రలో త్వరగా
జవాబు : ఉత్తరానికి తిరిగి రాసే ఉత్తరం

3. చదవండి

2019 డిసెంబరు. మీరు పన్నెండు మంది ఉన్న బృందంతో మయన్మార్ చూడడానికి వచ్చారు. అందరూ తెలుగువాళ్ళే, కానీ అందరూ ఒక దేశంలో పెరిగినవాళ్ళు కాదు. బగాన్ గుళ్ళు చూశారు, ఇన్లే సరస్సులో పడవ ఎక్కారు. ఇప్పుడు యాంగోన్‌లో చివరి మూడు రోజులు మిగిలాయి. మీ బస సంచౌంగ్ అనే పేటలో. ఇరుకు వీధులు, వరసగా అయిదారు అంతస్తుల ఇళ్ళు, కింద టీ కొట్లు, కాల్చిన మాంసం, చేపలు అమ్మే అంగళ్ళు. పెద్ద హోటళ్ళ మధ్య కాకుండా మామూలు మనుషుల మధ్య ఉంటారిక్కడ.

శనివారం, డిసెంబరు 14

పొద్దున్నే టీ కొట్లో మోహింగా తిన్నారు. చేపతో చేసిన చిక్కటి చారులో బియ్యపు సేమ్యా వేసి ఇస్తారు. అది ఇక్కడి వాళ్ళకి మనకి ఇడ్లీలాగా, పొద్దున తినే తిండి.

తరవాత నగరం చుట్టూ తిరిగే రైలెక్కారు. ఆ దారి సుమారు 46 కిలోమీటర్లు. ఒక చుట్టు తిరగడానికి దాదాపు మూడు గంటలు పడుతుంది. మీ గైడ్ ముందే చెప్పాడు: "ఇది చూసే రైలండీ, చేరే రైలు కాదు. ఎక్కిన చోటే దిగుతాం." ఆకుకూరల మూటలతో ఆడవాళ్ళు ఎక్కారు, దిగారు. చాలామంది బుగ్గలకి తనకా పూసుకున్నారు. అది ఒక చెట్టు బెరడుని నీళ్ళతో అరగదీసి చేసే లేపనం. మన గంధం అరగదీసినట్టే.

సాయంత్రం ఒకరు అన్నారు: "బజారుకి ఇవాళ వద్దు, ఒళ్ళు నొప్పులుగా ఉంది. సోమవారం వెళ్ళేముందు చూద్దాం." గైడ్ నవ్వాడు. "సోమవారం బోజో ఆంగ్ సాన్ మార్కెట్ మూసేస్తారండీ. ఇవాళ కాకపోతే రేపే." 1926లో కట్టిన మార్కెట్ అది. ఇంగ్లీషువాళ్ళ కాలంలో దాన్ని స్కాట్ మార్కెట్ అనేవారు.

ఆలోచించండి: ఆ రైలుని గైడ్ "చూసే రైలు" అని ఎందుకన్నాడు? బజారుకి సోమవారం ఎందుకు వెళ్ళలేరు?

ఆదివారం, డిసెంబరు 15

బజారు పని పొద్దునే ముగించారు. మధ్యాహ్నం ష్వేడగాన్ గోపురానికి వెళ్ళారు. చిన్న గుట్ట మీద దాదాపు 99 మీటర్ల ఎత్తున బంగారు స్తూపం. చెప్పులే కాదు, మేజోళ్ళు కూడా విప్పాలి. నాలుగు దిక్కులా నాలుగు మెట్ల దారులున్నాయి.

పైన స్తూపం చుట్టూ ఎనిమిది చోట్ల చిన్న బుద్ధ విగ్రహాలున్నాయి. ఎవరు పుట్టిన వారాన్ని బట్టి వాళ్ళు ఆ చోటికి వెళ్ళి విగ్రహం మీద నీళ్ళు పోస్తారు. ఇక్కడ మీ తెలుగు మీకు పనికొచ్చింది. మన వారాల పేర్లు గ్రహాల పేర్లే కదా! ఇక్కడా అంతే. ఇది చూడండి.

ఆదివారం, సూర్యుడు : ఈశాన్యం, గరుడ పక్షి
సోమవారం, చంద్రుడు : తూర్పు, పులి
మంగళవారం, కుజుడు : ఆగ్నేయం, సింహం
బుధవారం పొద్దున, బుధుడు : దక్షిణం, దంతాలున్న ఏనుగు
శనివారం, శని : నైరుతి, నాగు
గురువారం, గురుడు : పడమర, ఎలుక
బుధవారం మధ్యాహ్నం తరవాత, రాహువు : వాయవ్యం, దంతాల్లేని ఏనుగు
శుక్రవారం, శుక్రుడు : ఉత్తరం, గినీ పంది

ఏడు వారాలు, ఎనిమిది దిక్కులు. అందుకే బుధవారాన్ని రెండు ముక్కలు చేశారు. మీ బృందంలో సగం మందికి తాము ఏ వారం పుట్టారో తెలియదు. ఫోన్లలో వెతుక్కున్నారు. ఒక పెద్దాయన మాత్రం వెతకలేదు. "నేను శనివారం పుట్టానని మా అమ్మ ఎప్పుడూ అంటుండేది" అని నేరుగా నైరుతి వైపు నడిచాడు.

చీకటి పడేసరికి సంచౌంగ్ చేరారు. టీ కొట్లో పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చున్నారు. ఊరబెట్టిన టీ ఆకులతో చేసే లఫెతో తెప్పించుకున్నారు. బిల్లు దగ్గర ఎప్పటి గొడవే: "నేనిస్తానంటే నేనిస్తాను." అప్పుడు లోపలినుంచి ఒక ముసలావిడ తలెత్తి చూసింది. ఆ కొట్టు ఆవిడ కోడలిది.

"ఓలమ్మ! మీరు తెలుగోలేనేటి?"

అందరూ ఒక్కసారి ఆగిపోయారు. మీరే ముందు పలికారు.

"అవునండీ మామ్మగారూ. మీరూ తెలుగువాళ్ళేనా?"

"ఏ ఊరు బాబూ మీది? మాయయ్యది సీకాకులం పక్క. నాను పుట్టింది ఇక్కడే, రంగంలోనే. ఎప్పుడూ మనూరు సూల్లేదు."

"మేము రేపు వెళ్ళిపోతున్నామండీ."

"రేపే? అంత బేగి ఎల్లిపోతారేటి!" ఆవిడ కాసేపు ఆగింది. "నీకు తెలుగు సదవడం వొచ్చా?"

మీరు "కొంచెం వచ్చండీ" అన్నారు. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో ఉత్తరాలు. అన్నిటికన్నా పైన ఉన్నది మీ చేతికి ఇచ్చింది.

ఆలోచించండి: ఆవిడ "మీ ఊరు" అనకుండా "మనూరు" ఎందుకంది? ఆవిడ ఎప్పుడూ చూడని ఊరు ఆవిడ ఊరెలా అయింది?

ఉత్తరం

మీరు చదివిన ఉత్తరం ఇది. 2011లో విశాఖపట్నం నుంచి వచ్చింది. చేతిరాత గజిబిజిగా ఉంది. గట్టిగా, నెమ్మదిగా చదవండి.

"చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతియైన చెల్లెలికి అప్ప దీవించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నీ వద్దనుంచి ఉత్తరం వచ్చి ఏడాది దాటింది. ఇక్కడ మేము అంతా క్షేమం. నాకు మోకాళ్ళు పనిచేయడం లేదు. పెద్దాడికి కూతురు పుట్టింది. దానికి అమ్మ పేరే పెట్టాము. మరిదిగారిని అడిగానని చెప్పు. ఈ ఉత్తరం ఆయనే నీకు చదివి వినిపిస్తారు కాబట్టి, ఆయనకు నా దీవెనలు కూడా ఇందులోనే. జవాబు రాయించు."

మీరు చదవడం ఆపారు. మామ్మగారు ఉత్తరం వైపు చూడడం లేదు.

"ఆయనే సదివీవోడు నాకు. ఈ ఉత్తరం వొచ్చీసరికి ఆయన పోయి ఏడాదయిపోనాది. పక్కింటాయన ఒకసారి సదివినాడు. ఆలు కూడా ఊరెల్లిపోనారు. నాకు మాటాడ్డం వొచ్చు గానీ అచ్చరమ్ముక్క రాదు. నా పిల్లలకి బర్మా అచ్చరాలే వొచ్చు." తరవాత అంది: "నాను సెప్తాను. నువ్వు రాస్తావేటి?"

సోమవారం, డిసెంబరు 16

తొమ్మిది గంటలకి విమానాశ్రయానికి బస్సు. మీరు ఏడింటికే టీ కొట్టుకి వెళ్ళారు. మీతో పెద్దాయన కూడా వచ్చారు. ఆయన విశాఖపట్నం వెళ్తున్నారు. ఉత్తరం తన చేత్తో అందిస్తానన్నారు. చిరునామాలో ఉన్న పేట పేరు బర్మా క్యాంపు. "ఆ పేట నాకు తెలుసు, కంచరపాలెం దగ్గరే" అన్నారు ఆయన.

మామ్మగారు చెప్పింది. మీరు రాశారు. బస్సు వచ్చేలోపు ఉత్తరం పూర్తవ్వాలి. ఆ ఉత్తరం ఈ పాఠం చివర ఉంది, కానీ సగమే. మిగతా సగం మీరు రాయాలి.

4. చరిత్ర తెలుసుకోండి: రంగం వెళ్ళినవాళ్ళు

మామ్మగారి నాన్న శ్రీకాకుళం పక్కనుంచి రంగం ఎందుకు వచ్చాడు? అక్క ఎందుకు వెళ్ళిపోయింది? ఈ రెండు ప్రశ్నలకి జవాబు చరిత్రలో ఉంది.

పందొమ్మిదో శతాబ్దం చివరికి బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉంది. అక్కడ వరి సాగు విపరీతంగా పెరిగింది. బియ్యం మిల్లులకి, రేవులో మూటలెత్తడానికి మనుషులు కావలసి వచ్చారు. మన కోస్తాలో కరువులు, అప్పులు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఓడెక్కితే కొద్ది రోజుల్లో రంగూన్. మేస్త్రీలు ఊళ్ళలోకి వచ్చి బయానా ఇచ్చి మనుషుల్ని కుదిర్చేవారు. ఓడ ఖర్చు, బయానా తీరేవరకూ కూలివాడి జీతంలో కోత పడేది. ఎక్కువగా మగవాళ్ళే వెళ్ళేవారు. కొన్నేళ్ళు పనిచేసి తిరిగి వచ్చేవారు, మళ్ళీ వెళ్ళేవారు.

బర్మాలో తెలుగువాళ్ళని "కోరంగీలు" అనేవారు. కాకినాడ దగ్గర ఉన్న పాత ఓడరేవు కోరంగి పేరు అది. 1839 తుఫాను ఆ రేవుని దెబ్బతీసింది. రేవు పోయింది, సముద్రం అవతల పేరు మాత్రం నిలిచింది. ఆ మాటని చాలాసార్లు చులకనగా వాడేవారు కాబట్టి ఇప్పుడు ఎవరినీ అలా పిలవకూడదు.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో పది లక్షలమంది భారతీయులున్నారు. రంగూన్ జనాభాలో సగానికి పైగా వాళ్ళే. అందరూ కూలీలు కారు. వ్యాపారులు, గుమాస్తాలు, వడ్డీకి డబ్బిచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. బర్మా వాళ్ళ భూములు వడ్డీవ్యాపారుల చేతికి పోయాయి, పనులు బయటివాళ్ళకి పోయాయి. కోపం పెరిగింది. 1930 మేలో రేవులో తెలుగు కూలీలు జీతం కోసం సమ్మె చేశారు. యజమానులు వాళ్ళ బదులు బర్మా వాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె తీరగానే ఆ బర్మా వాళ్ళని వెళ్ళిపొమ్మన్నారు. దాంతో రంగూన్‌లో అల్లర్లు రేగాయి. ఎందరో తెలుగు కూలీలు చనిపోయారు. ఈ గొడవలో రెండు పక్కలా ఉన్నది పేదవాళ్ళే అని గమనించండి.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942లో లక్షలమంది భారతీయులు బర్మా వదిలారు. ఓడ దొరికినవాళ్ళు ఓడలో వచ్చారు. దొరకనివాళ్ళు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. ఆకలితో, జ్వరాలతో దారిలోనే వేలమంది పోయారు. ఆంధ్రలో పెద్దవాళ్ళు "బర్మానుంచి నడిచొచ్చారు" అనేది ఇందుకే.

యుద్ధం అయ్యాక కొందరు తిరిగి వెళ్ళారు. 1948 జనవరి 4న బర్మాకి స్వాతంత్ర్యం వచ్చింది. 1962లో సైన్యం అధికారం తీసుకుంది. 1964లో దుకాణాలు ప్రభుత్వపరం చేశారు, 50, 100 చాట్ నోట్లు రద్దు చేశారు. చాలామంది భారతీయులకి బతుకుతెరువు పోయింది. తరవాతి కొన్నేళ్ళలో లక్షమందికి పైగా భారతదేశానికి వచ్చేశారు. వెంట తెచ్చుకోగలిగింది చాలా తక్కువ. విశాఖపట్నంలో బర్మా క్యాంపు, చెన్నైలో బర్మా బజారు అనే పేర్లు అలా వచ్చినవే.

మన కథలో అక్క 1964లో వెళ్ళింది. అప్పుడు మామ్మగారికి పద్దెనిమిదేళ్ళు, కొత్తగా పెళ్ళయింది. భర్తకి బియ్యం మిల్లులో పని ఉంది. అత్తవారు కదలలేదు. ఆవిడా ఉండిపోయింది. అలా ఉండిపోయిన తెలుగు కుటుంబాలు యాంగోన్‌లో, మోల్మీన్ వైపు, ఇంకా కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నాయి.

సంచౌంగ్ పేరు 2021లో ప్రపంచం విన్నది. ఆ ఏడాది ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ అధికారం తీసుకుంది. మార్చి 8 రాత్రి, నిరసన తెలిపిన సుమారు రెండువందలమందిని ఇదే పేటలో సైనికులు చుట్టుముట్టారు. ఇళ్ళవాళ్ళు తలుపులు తీసి చాలామంది పిల్లల్ని దాచారు. మీరు ఎప్పుడైనా అక్కడికి వెళ్ళాలనుకుంటే, మీ దేశ ప్రభుత్వం ఇచ్చే ప్రయాణ సూచనలు ముందు చదవండి.

5. భాష గమనించండి

క) మేము, మనం

"మేము రేపు వెళ్ళిపోతున్నాం" అన్నారు మీరు. వింటున్న మామ్మగారు అందులో లేరు. "మనూరు" అంది మామ్మగారు. అందులో మీరూ ఉన్నారు. ఎదుటివాళ్ళని కలుపుకుంటే మనం, మన. కలుపుకోకపోతే మేము, మా. బయట పెరిగిన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. "అమ్మా, మా ఇంటికి ఎప్పుడు వెళ్దాం?" అని అమ్మతోనే అంటే, ఆ ఇల్లు అమ్మది కాదన్నట్టు ఉంటుంది. "మన ఇంటికి" అనాలి.

ఖ) చివరి రోజుల మాటలు

వెళ్ళేముందు : వెళ్ళేముందు బజారు చూద్దాం. (ముందు బజారు, తరవాత వెళ్ళడం)
వచ్చేలోపు : బస్సు వచ్చేలోపు ఉత్తరం రాయాలి. (గడువు ఉంది, ఆలస్యమైతే కుదరదు)
వచ్చేసరికి : ఉత్తరం వచ్చేసరికి ఆయన లేరు. (ఆ సమయానికి ఉన్న పరిస్థితి)
వెళ్ళాక : విశాఖ వెళ్ళాక ఉత్తరం ఇస్తారు. (ముందు వెళ్ళడం, తరవాత ఇవ్వడం)

గ) నోటి మాట, రాత మాట

మామ్మగారు మాట్లాడేది ఉత్తరాంధ్ర తెలుగు. అది తప్పు తెలుగు కాదు. మీ పుస్తకంలోని తెలుగు ఒక రకం, అది ఇంకో రకం. ఈ మార్పులు చూడండి.

నాను → నేను
ఏటి → ఏమిటి
సదవడం → చదవడం
సెప్తాను → చెప్తాను
ఎల్లిపోనారు → వెళ్ళిపోయారు
నేదు → లేదు
నేక → లేక
సదివీవోలు → చదివేవాళ్ళు
అయిపోనాది → అయిపోయింది

గమనించారా? మాట మొదట్లో "చ" చాలాచోట్ల "స" అయింది. కొన్ని మాటల్లో "ల" బదులు "న" వచ్చింది. ఈ రెండూ పట్టుకుంటే సగం అర్థమైనట్టే.

ఘ) చావు వార్త చెప్పే మాటలు

"చనిపోయారు" మామూలు మాట, ఎక్కడైనా వాడవచ్చు. "పోయారు" ఇంట్లో మెత్తగా చెప్పుకునే మాట. "కాలం చేశారు" పెద్దవాళ్ళ గురించి గౌరవంగా చెప్పేది, ఉత్తరంలో బాగుంటుంది. మనిషి గురించి "చచ్చారు" అనకండి. అది తిట్టులా వినిపిస్తుంది.

ఙ) పాత ఉత్తరాల పద్ధతి

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి : మనకన్నా చిన్నదైన, భర్త ఉన్న స్త్రీకి రాసేటప్పుడు. దీన్ని పొట్టిగా చి.ల.సౌ. అని రాస్తారు.
ఉభయకుశలోపరి : "ఇక్కడ మేము, అక్కడ మీరు క్షేమమని తలచి, ఆ పైన" అనే అర్థంలో వాడతారు.
దీవించి వ్రాయునది : పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి రాసేటప్పుడు.
నమస్కరించి వ్రాయునది : చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకి రాసేటప్పుడు.

ఇప్పుడు అక్క ఉత్తరం మొదటి వరస మళ్ళీ చూడండి. "సౌభాగ్యవతి" అని రాసింది. మరిది పోయాడని ఆవిడకి తెలియదు. ఆ ఒక్క మాట వినగానే మామ్మగారు ఉత్తరం వైపు చూడడం ఎందుకు మానిందో ఇప్పుడు మీకు అర్థమవుతుంది.

6. ఉత్తరం రాయండి

మామ్మగారు చెప్పిన మాటలు ఇవి. మొదటి మూడింటిని మీ కోసం రాత తెలుగులోకి మార్చాం. మిగతావి మీరు మార్చండి. మాటలు మార్చండి, కానీ ఆవిడ చెప్పనిది చేర్చకండి. ఆవిడ చెప్పింది వదలకండి.

మామ్మగారు: అప్పా, నాను బాగున్నాను. నీ ఉత్తరం అందింది. సదివీవోలు నేక జవాబు రాయించనేదు.
ఉత్తరంలో: పూజ్యురాలైన అప్పకు చెల్లెలు నమస్కరించి వ్రాయునది. నేను బాగున్నాను. నీ ఉత్తరం అందింది. చదివేవాళ్ళు లేక జవాబు రాయించలేదు.

మామ్మగారు: నీ మరిది పోయి తొమ్మిదేళ్ళయిపోనాది. నీ దీవెనలు ఆయనకి అందనేదు.
ఉత్తరంలో: నీ మరిది కాలం చేసి తొమ్మిదేళ్ళయింది. నీ దీవెనలు ఆయనకు అందలేదు.

మామ్మగారు: ఇది రాసినోలు మనోలే. రంగం సూడ్డానికి వొచ్చినారు.
ఉత్తరంలో: ఇది రాసినవాళ్ళు మనవాళ్ళే. రంగం చూడడానికి వచ్చారు.

ఇక మీ వంతు:

1) అమ్మ పేరు పెట్టినారని ఇని నాకు సంతోసమయినాది. ఆ గుంట ఇప్పుడు సదువుకుంటందా?
2) నా మోకాళ్ళు కూడా నీలాగే అయిపోనాయి. మనిద్దరికీ అయ్య మోకాళ్ళే వొచ్చినాయి.
3) నువ్వెల్లిన రోజు ఓడ కాడికి నాను రానేదు. కోపంతో రానేదు. ఇప్పుడు కోపం నేదు.
4) నువ్వుంటే నువ్వు జవాబు రాయించు. నువ్వు నేపోతే నీ పిల్లలు రాయండి. సదివీవోలని నాను ఎతుక్కుంటాను.

"గుంట" అంటే ఉత్తరాంధ్రలో చిన్నపిల్ల. "కాడికి" అంటే దగ్గరికి. "ఇని" అంటే విని.

నాలుగో మాట దగ్గర ఆగి ఆలోచించండి. అక్కకి ఇప్పుడు ఎనభై ఒకటో ఏడు. ఉందో లేదో తెలియదు. "నువ్వు లేకపోతే" అని అక్కకే రాయడం బాగుంటుందా? మామ్మగారు అలాగే చెప్పింది. మీరు మార్చే ముందు ఆవిడని అడగాలి. ఇలా అడగవచ్చు: "మామ్మగారూ, ఈ మాట ఇలాగే రాయమంటారా?" ఒకరి మాటని మనం రాస్తున్నప్పుడు, అందంగా లేదని మనకు మనమే మార్చేయకూడదు. ఈ పాఠంలో ఆవిడ జవాబు ఇది: "అలాగే రాయి. అప్పకి నా నోరు తెలుసు."

7. అభ్యాసాలు

అ) ఖాళీలు నింపండి (వెళ్ళేముందు, వచ్చేలోపు, వచ్చేసరికి, వెళ్ళాక):
1. వాన ______ ఇంటికి చేరాలి.
2. మేము ఊరు ______ మీకు ఫోన్ చేస్తాం.
3. అమ్మ ______ అన్నం చల్లారిపోయింది.
4. ఊరు ______ తాతగారికి చెప్పి వెళ్ళు.

ఆ) మన, మా: ఏది సరైనది?
1. (స్నేహితుడితో, అతను మీ ఇంటికి ఎప్పుడూ రాలేదు) ______ ఇంటికి రా.
2. (చెల్లితో) ______ నాన్న ఇంకా రాలేదు.

ఇ) యాంగోన్ గడియారం మన దేశపు గడియారం కన్నా ఒక గంట ముందు. యాంగోన్‌లో పొద్దున తొమ్మిదైతే విశాఖపట్నంలో ఎంత?

ఈ) మీరు ఏ వారం పుట్టారు? ష్వేడగాన్‌లో మీరు ఏ దిక్కుకి వెళ్ళాలి? మూడు వాక్యాలు రాయండి. ఇంట్లో మిగతావాళ్ళని కూడా అడగండి.

ఉ) ఇద్దరిద్దరుగా మాట్లాడండి. ఒకరు మామ్మగారు, ఒకరు మీరు. బస్సుకి పది నిమిషాలే ఉంది. ఉత్తరంలో ఇంకో రెండు వాక్యాలు మిగిలాయి. గైడ్ పిలుస్తున్నాడు. గౌరవం తగ్గకుండా, తొందర తెలిసేలా మాట్లాడండి. "అండీ", "గారూ" మరిచిపోకండి.

8. ఇంటి పని

మీ ఇంట్లో పాత తెలుగు ఉత్తరాలు ఉన్నాయా? అమ్మమ్మనో, నాయనమ్మనో, తాతనో అడగండి. ఉంటే, వాళ్ళ అనుమతి తీసుకుని ఒకటి గట్టిగా చదివి వినిపించండి. చేతిరాత అర్థం కాని చోట వాళ్ళనే అడగండి. ఆ ఉత్తరానికి జవాబు వెళ్ళిందా లేదా కూడా అడగండి. లేకపోతే వాళ్ళు చెప్తుంటే ఒక ఉత్తరం మీరు రాసిపెట్టండి. వాళ్ళు ఎలా మాట్లాడతారో ఒక పక్క, మీరు ఎలా రాశారో ఇంకో పక్క రాసి తరగతికి తీసుకురండి.

9. సరిచూసుకోండి

అ) 1. వచ్చేలోపు 2. వెళ్ళాక 3. వచ్చేసరికి 4. వెళ్ళేముందు
ఆ) 1. మా 2. మన
ఇ) పొద్దున ఎనిమిది.
ఉత్తరం, 1) అమ్మ పేరు పెట్టారని విని నాకు సంతోషమయింది. ఆ పిల్ల ఇప్పుడు చదువుకుంటోందా?
2) నా మోకాళ్ళు కూడా నీలాగే అయిపోయాయి. మనిద్దరికీ నాన్న మోకాళ్ళే వచ్చాయి.
3) నువ్వు వెళ్ళిన రోజు ఓడ దగ్గరికి నేను రాలేదు. కోపంతో రాలేదు. ఇప్పుడు కోపం లేదు.
4) నువ్వు ఉంటే నువ్వు జవాబు రాయించు. నువ్వు లేకపోతే నీ పిల్లలు రాయండి. చదివేవాళ్ళని నేను వెతుక్కుంటాను.

మూడో వాక్యంలో "కోపంతో రాలేదు" అన్నది వదిలేసినవాళ్ళు మళ్ళీ రాయండి. ఈ ఉత్తరం మామ్మగారు యాభై అయిదేళ్ళ తరవాత రాయించింది ఆ మాట కోసమే.